కాలువ గట్టు నుండి కడలి ఒడ్డు దాకా – గాలంతో కాలక్షేపం

(చేబ్రోలులో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా డిసెంబరు 17న మనం ఇలా కలుసుకుంటున్నాం. 1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు పెన్షను దయాధర్మం కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఆ హక్కుల గురించి, రావలసిన బకాయిల గురించి నాకన్న ముందు మాట్లాడిన పెద్దలు సవివరంగా చెప్పారు. కార్యదర్శిగారు నాకు అప్పగించిన అంశం చిన్నది. రిటైరయినవారు పొద్దు ఎలా పుచ్చుకోవాలి అన్నది. భాగవత కాలక్షేపం గురించి చెప్పడానికి నాకు పాండిత్యం లేదు. పేకాట గురించి చెబితే మా ఇంట్లో ఒప్పుకోరు. నాకు తెలిసిన కాలక్షేపం ఒక్కటే. గాలం వేసి చేపలు పట్టడం.

నవ్వకండి. ఎర వేసి బెండు వైపే చూస్తూ గంటల తరబడి కూర్చోవడం మనకు కొత్త విద్య కాదు. డి.ఎ. బకాయిల కోసం ఎదురుచూసిన అనుభవం మనందరికీ ఉన్నది. తేడా అల్లా చేప ఎప్పుడో ఒకప్పుడు తప్పకుండా పడుతుంది. మన సంఘంలో శాకాహారులు కూడా ఉన్నారు. వారు నాతో వస్తే పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలో వదిలేయవచ్చు. నేనూ చాలాసార్లు అదే చేస్తాను.

ఎక్కడెక్కడినుంచో డబ్బు ఖర్చుపెట్టుకొని మన తీరానికి విహారానికి వస్తున్నారు. శనాదివారాల్లో సూర్యలంకలో కారు నిలపడానికి చోటుండదు. మనకేమో ఒక్క బస్సు టిక్కెట్టు దూరంలో మంచినీరు, ఉప్పునీరు రెండూ ఉన్నాయి. చేబ్రోలులో పొన్నూరు మీదుగా పోయే బస్సెక్కితే బాపట్ల, అక్కడినుంచి 9 కిలోమీటర్లలో సూర్యలంక. తెనాలి పోతే రేపల్లె రైలున్నది. రేపల్లెకు ఒక పక్క పెనుమూడి దగ్గర కృష్ణ, ఇంకో పక్క నిజాంపట్నం రేవు. 1611లో ఇంగ్లీషు కంపెనీవాళ్ళ ఓడ వచ్చి ఆగిన రేవు అదే. వాళ్ళు దాన్ని పెటపోలి అని రాసుకున్నారు. 2022లో జిల్లాలు విడదీసిన తరువాత మనం గుంటూరు జిల్లాలోను, బాపట్ల, రేపల్లె, చీరాల బాపట్ల జిల్లాలోను పడ్డాం. చేపలకు మాత్రం ఆ సంగతి తెలియదు.

ముందు మన కాలువ సంగతి మనవి చేస్తాను. విజయవాడ దగ్గర కృష్ణకు 1855లో ఆనకట్ట పూర్తయింది. దాని స్థానంలో 1957 నాటికి ప్రకాశం బ్యారేజి వచ్చింది. అక్కడ బయలుదేరిన నీరే దుగ్గిరాల లాకుల మీదుగా కొమ్మమూరు కాలువై మన పక్కనుంచి పోయి, పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువను కలుస్తుంది. ఒకప్పుడు విజయవాడ నుంచి మద్రాసు దాకా ఈ దారినే పడవలు నడిచాయి. నీటితోపాటు కృష్ణ చేపలు కూడా వచ్చాయి. బొచ్చె, శీలావతి, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి, పరిగె ఇవన్నీ ఆ సంతానమే. కొరమీను, మార్పు మాత్రం మన చెరువులకు, బోదెలకు పుట్టినిల్లులాంటివి. గాలి పీల్చి బతకగలవు గనుక నీళ్ళు తగ్గినా బురదలో దాగి వానల దాకా ప్రాణం నిలుపుకుంటాయి.

సామాను గురించి చెబితే నవ్వుతారు. ఒక వెదురు కర్ర, నైలాను దారం, గాలం ముల్లు, చిన్న సీసపు గుండు, జీలుగ బెండు. అంతే. మా మనవడు చక్రం తిరిగే విదేశీ కర్ర ఒకటి కొనిచ్చాడు. సముద్రం దగ్గర దూరం విసరడానికి అది బాగున్నది. కాలువకు వెదురే మేలు. పరిగెకు, జెల్లకు వానపాము ఎర. బొచ్చెకు, శీలావతికి తవుడు, గోధుమపిండి కలిపిన ముద్ద. కొరమీనుకు కదిలే ఎర కావాలి, చిన్న కప్పగాని చేపపిల్లగాని. తెల్లవారుజామున, పొద్దు వాలినాక చేప మేతకు లేస్తుంది. మిట్టమధ్యాహ్నం కూర్చుంటే మనకు ఎండదెబ్బ తప్ప ఏమీ తగలదు.

ఈ విద్య నాకు నేర్పినాయన గురించి చెప్పాలి. ఇంతవరకు నేను సభలో చెప్పని సంగతి ఇది.

నేను సర్వీసులో ఉండగా, 1980ల మధ్యలో, చెరువుల కౌలు ఫైళ్ళు నా బల్ల మీదికి వచ్చేవి. ఆఫీసు పేరు ఇక్కడ అవసరం లేదు. ఊరి చెరువులో చేపల హక్కు ఫసలీ ఏడాదికి, అంటే జూలై 1 నుంచి మరుసటి జూన్ 30 దాకా ఇస్తారని మీలో రెవెన్యూ, పంచాయితీ శాఖల్లో చేసినవారికి తెలుసు. ఒక ఏడాది ఒక మత్స్యకారుల సహకార సంఘం అర్జీ వచ్చింది. అన్నీ సరిగానే ఉన్నాయి. సర్వసభ్య సమావేశపు తీర్మానం నకలు ఒక్కటే లేదు. లేదని నోటు రాసి ఫైలు పక్కన పెట్టాను. పెట్టి మరచిపోయాను. నాలో చెడు ఉద్దేశం లేదు, లంచం ఆశించలేదు. నిబంధన ప్రకారం నడిచానని అనుకున్నాను. రెండు నెలలు గడిచాక పై అధికారి అడిగితే అప్పుడు కదిలింది.

2008లో రిటైరయ్యాను. మొదటి ఆరు నెలలూ ఏం చేయాలో తోచక సాయంత్రాలు కొమ్మమూరు కాలువ గట్టున నడిచేవాణ్ణి. అక్కడ ఒక ముసలాయన రోజూ గాలం వేసుకొని కూర్చునేవాడు. నాకన్న పదేళ్ళు పెద్ద. నాలుగో రోజో అయిదో రోజో నా మొహం పరకాయించి చూసి అడిగాడు.

"మీరు ఆ ఆఫీసులో గుమస్తాగారు కదండీ?"

అవునన్నాను. పక్కన చోటిచ్చి కూర్చోమన్నాడు. ఆ సంఘంలో తాను పెద్దల్లో ఒకడినని చెప్పాడు. నాకు ఫైలు గుర్తుకు వచ్చింది.

"ఆ ఏడు చెరువు మాకే రాసిచ్చారు బాబూ. కాయితం చేతికొచ్చేసరికి దసరా దాటింది. పిల్లని ఆలస్యంగా వదిలాం. ఎండలకి నీళ్ళు ఇంకే యేళకి చేప అరకిలో కూడా తూగలా" అన్నాడు.

"ఒక కాగితం తక్కువైంది పెద్దాయనా. తీర్మానం నకలు" అన్నాను.

"తెలుసు బాబూ. అడిగితే తెచ్చిచ్చేవాళ్ళం" అన్నాడు.

అంతకు మించి ఒక్క మాట అనలేదు. తన రెండో గాలం నా చేతికిచ్చి, ముల్లుకు వానపాము ఎలా గుచ్చాలో చూపించాడు. అప్పటినుంచి ఆయన పోయేదాకా, దాదాపు ఆరేళ్ళు, నేను ఆయన దగ్గర శిష్యరికం చేశాను. ఎన్నో కుటుంబాల ఏడాది కూడు నా బల్ల మీద రెండు నెలలు ఎండిపోయిందన్న సంగతి నాకు ముప్ఫయ్యారేళ్ళ సర్వీసులో ఎవరూ చెప్పలేదు. కాలువ గట్టున తెలిసింది. ఒక్క కార్డు ముక్క రాసి అడిగితే సరిపోయేది.

ఆయన దగ్గర నేర్చుకున్న మొదటి పాఠం గాలం వేసేముందు ఈ నీళ్ళు ఎవరివి అని అడగడం. కాలువ గట్టున సరదాకు గాలం వేసుకొని కూర్చుంటే ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ కాదనలేదు. ఊరి చెరువు అలా కాదు. పాటలో ఎవరో డబ్బు కట్టి ఉంటారు, పిల్లను వదిలి ఉంటారు. అందులో మనం సరదాగా పట్టే రెండు కిలోల బొచ్చె వారి పంట. వారిని అడగాలి. అడిగితే కాదనేవారు తక్కువ. ఇక మన బ్రహ్మదేవుడి గుడి కోనేటి సంగతి వేరే చెప్పనక్కరలేదు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు కోనేటి నడుమ కట్టించిన గుడి అది. చిన్నప్పుడు మరమరాలు వేసి చేపలను పిలవడమే తప్ప అక్కడ గాలం అన్న మాట ఎవరి నోటా రాలేదు.

రెండో పాఠం తల్లినీ తండ్రినీ ముట్టుకోకపోవడం. తొలకరి తరువాత చెరువు అంచున నీటి మీద ఎర్రగా, నారింజ రంగులో పిల్లల గుంపు కదులుతూ కనిపిస్తుంది. అవి కొరమీను పిల్లలు. వాటి కిందనే తల్లిదండ్రులు కాపలా ఉంటాయి. దగ్గరికి వచ్చిన దేన్నైనా కరవబోతాయి గనుక ఆ సమయంలో వాటిని గాలానికి పట్టడం చాలా తేలిక. ఆ తేలికే పాపం. పెద్దవి పోతే పిల్లలన్నీ ఒక్క పూటలో వేరే చేపలకు మేత అయిపోతాయి. మొదటి వానలకు బోదెల్లోకి ఎదురెక్కే చేపలు కూడా గుడ్లు పెట్టడానికే పోతున్నాయి. ఆ నాలుగు వారాలూ మనం ఇంట్లో కూర్చుంటే నష్టం లేదు.

మందు కలిపి, కరెంటు తీగ వేసి పట్టేవాళ్ళు అక్కడక్కడా ఉన్నారు. నీళ్ళలో విషం కలపడం, పేలుడు మందు వాడడం 1897 నాటి మత్స్య చట్టంలోనే నేరం. కరెంటు అయితే ముందు పట్టేవాడి ప్రాణానికే ముప్పు. మన పిల్లలు ఆ గుంపులో ఉంటే గట్టిగా మందలించండి.

ఇక సముద్రం. సూర్యలంకలో ఒడ్డుననే నిలబడి ఎక్కువ మంది విహారికులకు దూరంగా, పచ్చి రొయ్య ఎరగా విసిరితే సముద్రపు జెల్ల పడుతుంది. జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఓర్చుకోలేని సలుపు. అలాంటప్పుడు చర్మం కాలనంత వేడి నీళ్ళలో చెయ్యి పెట్టి ఉంచితే సలుపు తగ్గుతుంది. ఆ తరువాత డాక్టరుకు చూపించాలి. మనలో షుగరు ఉన్నవారు మరీ అశ్రద్ధ చేయకూడదు. వేకువనే పోతే అలివి వల లాగే పల్లెవారు కనిపిస్తారు. తాడు పట్టుకొని నాలుగు అడుగులు లాగితే సంతోషిస్తారు. నెత్తళ్ళు, కానాగంతలు, సావడాలు వలలో మెరుస్తుంటే చూడడమే ఒక పండుగ. నిజాంపట్నం హార్బరులో మరపడవల మధ్య గాలం వేయడం తగదు. అక్కడ పొద్దున్నే పాట చూసి, ఇంటికి చందువలో వంజరమో కొనుక్కు రావడమే సరైన కాలక్షేపం.

నదీ, మురుగుకాలువలూ సముద్రాన్ని కలిసే మొగల దగ్గర, పెనుమూడి కింద కృష్ణలో, మడ అడవుల పాయల్లో పండుగప్ప ఉంటుంది. గాలం పట్టేవాడికి అది నిజంగా పండుగే. ఉప్పునీళ్ళలో పుట్టి మంచినీళ్ళలోకి వచ్చి పెరుగుతుంది. ఇంకో విచిత్రం, ముందు మగగా ఎదిగి, బాగా పెద్దదయ్యాక ఆడగా మారుతుంది. అంటే మనం ఫోటో తీయించుకోవాలని ముచ్చటపడే పెద్ద చేపే గుడ్లు పెట్టే తల్లి. అంత పెద్దది పడితే ఫోటో తీసుకొని వదిలేయండి, మధ్యరకం ఇంటికి తెచ్చుకోండి. మడ అడవులు రిజర్వు అడవులు గనుక అటవీ శాఖవారి అనుమతి లేకుండా లోపలికి పోకూడదు. శీతాకాలం నుంచి మన ఒడ్డుకు గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు చట్టరీత్యా రక్షణలో ఉన్నవి. గాలానికి తగిలితే దారం కోసి, ముల్లు తీసి వదలాలి.

మొగ అన్నాను గనుక నా తప్పు ఇంకొకటి చెప్పుకోవాలి. మనవడికి అప్పుడు పదేళ్ళు. సెలవులకు వచ్చాడు. సూర్యలంకకు అవతల ఒక మొగ దగ్గర మోకాలు లోతు పాయ దాటి, అవతలి ఇసుక దిబ్బ మీద ఇద్దరం గాలాలు వేశాం. అమావాస్య మరునాడు. చేపలు బాగా పడుతున్నాయి. వెనక్కి తిరిగి చూసే తీరిక లేదు. మనవడు "తాతయ్యా, మనం వచ్చిన దారేది?" అన్నప్పుడు చూస్తే పాయ నా ఛాతీ లోతు అయింది. నీరు లోపలికి ఉరుకుతున్నది. నాకు ఈత వచ్చు గాని వాణ్ణి ఎత్తుకొని ఈదే వయసు కాదు. గట్టు మీద వల బాగుచేసుకుంటున్న పల్లె కుర్రవాడు ఒకడు కేక విని, దిగి వచ్చి, మనవణ్ణి భుజాల మీద కూర్చోబెట్టుకొని, నా చెయ్యి పట్టుకొని దాటించాడు. కర్రలు, చేపలు అక్కడే పోయినవి. డబ్బివ్వబోతే తీసుకోలేదు.

"బాబుగారూ, సముద్రం చెప్పే వస్తది. వచ్చేముందు మమ్మల్ని ఒక మాట అడగాల్సింది" అన్నాడు.

మళ్ళీ అదే మాట. రెండుసార్లు ఇద్దరు మత్స్యకారులు నాతో అన్న మాట అదే, అడగాల్సింది అని.

అందుచేత ఆటుపోట్ల లెక్క మనవి చేస్తాను, రాసుకోండి. రోజుకు రెండు పోట్లు, రెండు ఆటులు. ఈ రోజు పోటు వచ్చిన వేళకన్న రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పున్నమికి, అమావాస్యకు పోటు ఎక్కువ, అష్టమి రోజుల్లో తక్కువ. పోటు ఎక్కే వేళ చేప మేతకు ఒడ్డుకు వస్తుంది గనుక పట్టడానికి అదే మంచి సమయం, దిబ్బల మీదికి పోవడానికి అదే చెడ్డ సమయం. పల్లెవారిని అడిగితే గడియారం చూడకుండా చెబుతారు. తుపాను సీజనులో నిజాంపట్నంలో ప్రమాద సూచిక ఎగిరితే బయలుదేరనే కూడదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన చూసినవాళ్ళం మనం. 1990 మే, 2010లో లైలా, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్, ఇవేవీ మరచిపోయేవి కావు. మొత్తం మీద జనవరి నుంచి మార్చి దాకా సముద్రం మనలాంటివారికి అనుకూలం.

తరువాత ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం గనుక 2015 నుంచి ఈ గడువు అమలులో ఉన్నది. ఇంజను లేని నాటు పడవలకు నిషేధం లేదు. ఆ రెండు నెలలూ వేట లేక కూర్చున్న మత్స్యకార కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో 20,000 రూపాయలు చేశారు. ఒడ్డున గాలం వేసే మనకు ఆ నిషేధం వర్తించదు గాని, పొట్టకూటికి పట్టేవాడు ఆగినప్పుడు సరదాకు పట్టేవాడు ఆగడం మర్యాద. నేను ఆగుతాను. ఎండలు కూడా మన ఒంటికి పడవు.

ఇది మన దేశపు చాదస్తం అనుకోకండి. ఇంగ్లండులో మంచినీళ్ళలో గాలం వేయాలంటే 13 ఏళ్ళు నిండిన ప్రతివారూ లైసెన్సు తీసుకోవాలి. 66 దాటినవారికి రాయితీ ఉన్నది, పూర్తి మాఫీ లేదు. అక్కడి నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 దాకా మామూలు చేపలకు గాలం వేయడం నిషిద్ధం. మన నిషేధానికి, దానికి నెల తేడా. మన మీద మనమే నిబంధన పెట్టుకోవాలి. సర్వీసంతా నిబంధనలతో గడిపినవాళ్ళం, ఇది కష్టం కాదు.

చివరగా కొన్ని చిన్న జాగ్రత్తలు. ఒంటరిగా పోకండి, పోతున్న చోటు ఇంట్లో చెప్పి పోండి. లాకుల దగ్గర, షట్టర్ల కింద చేప ఎక్కువ దొరుకుతుంది, కాని అక్కడ కాలు జారితే మళ్ళీ తేలరు. గడ్డిలో కూర్చునేముందు కర్రతో తట్టండి. బి.పి. మాత్ర, మంచినీళ్ళు జేబులో ఉండాలి. తెగిన నైలాను దారం గట్టున పారేయకండి. కొంగల కాళ్ళకు చుట్టుకొని చచ్చిపోతున్నవి. మీకు రెండు పూటలకు సరిపడా చేపలు దొరికితే లేచి ఇంటికి రండి.

చేపలు పడని రోజులు కూడా చాలా ఉంటాయి. ఆ రోజుల్లోనే మాటలు ఎక్కువ సాగుతాయి. ఇంట్లో నాతో ఫోనులో తప్ప మాట్లాడని మనవడు ఇప్పుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. సెలవులకు వస్తే కొమ్మమూరు గట్టున నా పక్కన రెండు గంటలు కూర్చుంటాడు. మొగ దగ్గరి సంగతి వాడు మరచిపోలేదు. ఎక్కడికి పోయినా ముందు అక్కడివాళ్ళను అడిగి గాని నీళ్ళలో కాలు పెట్టడు. నేను వాడికి ఇవ్వగలిగిన ఆస్తి ఇంతకన్న పెద్దగా లేదు.

ఈ రోజు మన సభ భోజనాల తరువాత, ఆసక్తి ఉన్నవారు సాయంత్రం నాలుగింటికి నాతో కాలువ గట్టుకు రావచ్చు. నా దగ్గర మూడు వెదురు కర్రలు ఉన్నవి. వానపాములు ఉదయమే తవ్వి ఉంచాను. రాలేనివారు ఏ రోజు అడిగినా సంతోషంగా తీసుకుపోతాను.